గోడలో ఇరికించిన కంప్యూటర్

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేసే పనిలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ కోర్సు చేయాలి, ఏ సామాను కొనుక్కోవాలి అని అడుగుతారు. అవి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది వేరు. గూడూరులో దుకాణం తెరిచిన నాటి నుంచి ఈ మధ్య మూసేసేదాకా నేను చేసిన పనిలో సగానికి పైగా ప్రాసెసర్ వేడి తగ్గించడమే. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మిషన్ ఆగిపోయిందంటే ముందు వేడిని అనుమానించాలి. ఆ వేడికి కారణం పెట్టెలో కొంత ఉంటుంది, ఇంట్లో ఎక్కువ ఉంటుంది.

నేనెవరో కూడా చెప్పాలి. ఈ వృత్తిలో అది నాకు చాలాసార్లు అడ్డం వచ్చింది, ఒక్కసారి పనికొచ్చింది. మాది వాకాడు వైపు ఒక దివాణం. ఇంటిపేరు ఇక్కడ రాయను. తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లకు ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. భూములు నేను పుట్టేనాటికే పోయాయి. ఇస్త్రీ చొక్కా తొడుక్కునే అలవాటు, నిటారుగా కూర్చునే అలవాటు మాత్రం నా వాటాకు వచ్చాయి. రెండూ వదల్లేదు. ఎవరింట్లోకీ దొడ్డిదారిన వెళ్లలేదు. కూర్చోమనకుండా కూర్చోలేదు. ఇప్పటి పిల్లలు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి మాసిన చొక్కాతో గడపలో నిలబడితే ఇంటివాళ్లు అతనికి మిషన్ చూపిస్తారు గాని, దాన్ని ఏం చేశారో చెప్పరు.

బల్ల మీద అన్నీ చల్లనివే

నాకు పని నేర్పింది నెల్లూరులో దుకాణం నడిపిన డేవిడ్ గారు. పెట్టె మూత తీసే ముందు ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఎదురుగా కూర్చున్న కస్టమర్ అది చూసి, లోపల పరిస్థితి చేయి దాటిపోయిందనుకుని బెంబేలెత్తేవాడు. ఈ మాట ఆయనతో ఒకసారి అన్నాను.

"భయపడితే పడనీ నాయనా. భయపడినోడే ఇంటికి పోయినాక దుమ్ము తుడుచుకుంటాడు" అన్నారు.

మాట ఇవ్వడంలో ఆయన అంత చెడ్డ మనిషిని నేను చూడలేదు. వచ్చిన ప్రతివాడికీ సాయంత్రానికల్లా ఇచ్చేస్తానని చెప్పేవారు. సాయంత్రం వాళ్లు వచ్చే వేళకు చర్చి పని ఉందని వెళ్లిపోయేవారు. వాళ్ల కోపమంతా నేను పడేవాణ్ణి. అయినా ఫ్యాను చప్పుడు విని పెట్టెలో ఎంత వేడి ఉందో చెప్పగల చెవి ఆయనది.

కోవూరు నుంచి ఒక మిషన్ వచ్చేది. ఇంట్లో ఆగిపోతుందంటారు. మా బల్ల మీద మూత తీసి పెడితే రోజంతా హాయిగా నడిచేది. పంపిస్తే మళ్లీ వచ్చేది. మూడోసారి వచ్చినప్పుడు, వాళ్లు అబద్ధం చెబుతున్నారని తేల్చేశాను.

"బల్ల మీద మూత తీసి పెడితే ఏ మిషనైనా చల్లంగానే ఉంటాది" అన్నారు డేవిడ్ గారు. "నువ్వు చూసింది మన బల్ల మీది మిషన్ని. ఆళ్లింట్లో మిషన్ని ఇంకా చూళ్లేదు. పోయి చూసి రా."

పోయి చూశాను. దొంగలకు కనిపించకూడదని పెట్టెను వడ్ల బస్తాల సందులో దాచారు. మానిటర్‌ను మాత్రం హాల్లో, వీధిలోంచి కూడా కనిపించేటట్టు, బల్ల మీద పెట్టి దండ వేశారు. ఆ రోజు నుంచి ఇల్లు చూడకుండా నేను ఏ మిషన్ మీదా అభిప్రాయం చెప్పలేదు.

వేడి గురించి నాకు తెలిసింది

పెద్ద విద్య కాదు. ప్రాసెసర్ పని చేస్తే వేడెక్కుతుంది. దాని మీద లోహపు రేకుల దిమ్మ ఉంటుంది. దిమ్మకూ ప్రాసెసర్‌కూ మధ్య తెల్లని పేస్టు ఉంటుంది. దిమ్మ మీద ఫ్యాను ఉంటుంది. పేస్టు వేడిని దిమ్మకు అందిస్తుంది, ఫ్యాను దాన్ని గాలిలోకి తోస్తుంది. ఆ గాలి పెట్టెలోంచి బయటికి పోవాలి, కొత్త గాలి ఇంకో దిక్కు నుంచి లోపలికి రావాలి. ఇక్కడ గాలిలో ఉప్పు, తేమ ఉంటాయి కాబట్టి రేకుల సందుల్లో దుమ్ము పొడిగా ఉండదు, ముద్ద కడుతుంది. ఊదితే పోదు. మెత్తటి బ్రష్షుతో తీయాలి. తీసేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి. పేస్టు పెసరగింజంత చాలు.

ఆ పెసరగింజంత పేస్టు మీదే నేను చాలా వింతలు చూశాను. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో ఒక వ్యాపారి, పేస్టు ఎండిపోయిందని ఎవరో చెబితే, తమలపాకులకు రాసుకునే సున్నం రాశాడు. రెండూ తెల్లగానే ఉన్నాయని ఆయన వాదన. "పైగా సున్నం చలవ గదన్నా" అన్నాడు. రాయిలాగా గట్టిపడిన ఆ సున్నాన్ని గీరుతున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడి, వక్క కూడా వేసి ఉండాల్సిందా అన్నట్టు చూశాడు.

ఇంకొకాయన ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన కాంపౌండర్. మిషన్ ఆగిపోతోందని ఫోన్ చేశాడు. వేడి ఎంత చూపిస్తోందో చూసి చెప్పమన్నాను.

"తొంభై ఆరు. నార్మల్ కన్నా రెండున్నర తక్కువే ఉండాది. ఒళ్లు చల్లబడతాందని దుప్పటి కప్పినా."

అది జ్వరం కొలిచే లెక్క కాదని, నీళ్లు వందకు మరిగే లెక్కని చెప్పాను.

"అయితే ఇది బతికుండకూడదే" అన్నాడు.

ఆ మాట సరైనదే. దుప్పటి తీయించాను. బతికింది.

తూర్పు వాటా, పడమటి వాటా

ఇవన్నీ చిన్నవి. నేను చెప్పాలనుకున్నది సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్లో, గోడలో ఉన్న కంప్యూటర్ సంగతి.

ఒక శుక్రవారం పొద్దున సుచరిత అనే అమ్మాయి ఫోన్ చేసింది. "మిషన్ దానంతటదే ఆగిపోతాంది సార్, సగం పనిలో. రేపు సాయంత్రానికి నేను పంపించకపోతే నా పని అయిపోయినట్టే."

కట్టబోయే ఇల్లు లోపల ఎలా ఉంటుందో నడిచి చూసినట్టు వీడియో తయారుచేసే కంపెనీ ఒకటి నెల్లూరులో ఆమెకు పరీక్ష పెట్టింది. ఒక ఇంటి ప్లాను ఇచ్చి, శనివారం సాయంత్రానికి వీడియో పంపమంది. బాగుంటే ఇంటి నుంచే ఉద్యోగం. బాగుండకపోతే, గూడూరులో బంధువుల రొయ్యల మేత దుకాణంలో బిల్లులు రాయడానికి కూర్చోబెడతానని తండ్రి పెంచలయ్య చెప్పేశాడు. ఆమె గీయాల్సిందంతా గీసింది. మిగిలింది మిషన్ పనే. అది గంటల తరబడి ఆగకుండా బొమ్మ తర్వాత బొమ్మ తయారుచేసుకుంటూ పోవాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి మొదలు. సగానికి వచ్చేసరికి ప్రాసెసర్ కాగిపోయి ఆగుతోంది.

"ఆ మేత కంపులో నేను కూర్చోలేను సార్" అంది.

వెళ్లి ఇల్లు చూశాను. తూర్పు పడమరలుగా కట్టిన పొడుగాటి ఇల్లు. తండ్రి పోయాక అన్నదమ్ములు మధ్యలో గోడ పెట్టుకున్నారు. తూర్పు సగం అన్న పెంచలయ్యది, పడమటి సగం తమ్ముడు రమణయ్యది. గిన్నెలు, మంచాలు, బర్రెలు అన్నీ పంచుకున్నారు. తండ్రి కొన్న కంప్యూటర్ ఒక్కటే మిగిలింది. నాదంటే నాదన్నారు. ఊరి పెద్దలు ఆలోచించి, కడుతున్న గోడలో పెట్టె పట్టేంత కంత వదిలి, కంప్యూటర్‌ను అందులో ఇరికించారు. చెరో వైపు ఒక మానిటర్, ఒక కీబోర్డు. పగలు అన్న ఇంటివాళ్లు వాడుకోవాలి, సాయంత్రం తమ్ముడి ఇంటివాళ్లు.

పెట్టె ముఖం, అంటే బటన్ ఉన్న వైపు, అన్నకు వచ్చింది. పెద్దవాడు కాబట్టి. వెనుక వైపు తమ్ముడికి వచ్చింది. అన్నదమ్ములకు మాటలు లేవు. సాయంత్రం రమణయ్య భార్య వెంగమ్మకు మిషన్ కావాలంటే గోడ మీద గరిటెతో కొడుతుంది, ఇటు నుంచి సుచరిత బటన్ నొక్కుతుంది. వెంగమ్మ జాకెట్ల మీద కుట్టే డిజైన్లు అందులో చూసుకుంటుంది.

సుచరిత కూర్చోమంది. నేను సంచి దించి నేల మీద కూర్చోబోయాను. పెంచలయ్య పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా, తమరు దివాణం వారి మనవడు గదా? మా నాయన తమ తాత ముందర నిలబడి మాట్లాడినాడు. తమరు మా ఇంట్లో నేల మీద కూర్చోని దుమ్ము తుడిస్తే ఊళ్లో మమ్మల్ని బతకనిస్తారా?"

"పెట్టె నేలకు దగ్గర్లో ఉంది పెంచలయ్య గారూ" అన్నాను.

"ఉంటే ఉండనీ. తమరు కుర్చీలోనే ఉండాల."

ఆ గౌరవం అన్యాయమని నేను అనను. మా తాతగారి పేరుకు అది దక్కవలసిందే. కాని గౌరవం ఎక్కువైన ఇంట్లో మెకానిక్‌కు పని సాగదు. నేను కుర్చీలో కూర్చుని చెబుతుంటే సుచరిత చేసింది. మూత తీసింది, ఫ్యానును వేలితో పట్టుకుంది, ముద్ద కట్టిన దుమ్మును బ్రష్షుతో తీసింది, పాత పేస్టు తుడిచి కొత్తది పెసరగింజంత పెట్టింది. నా దగ్గర పనిచేసిన వాళ్లలో ఇంత శుభ్రంగా చేసినవాళ్లు తక్కువ. నడిపి చూశాం. కొంత తగ్గింది. అరగంటకు మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది.

"వెనుక నుంచి గాలి బయటికి పోతోందా?" అని అడిగాను.

"వెనకాల వాళ్ల వైపు సార్. నేను చూళ్లేదు."

చెక్క

రెండు వాటాలకూ మధ్య తలుపు లేదు. వీధిలోకి వెళ్లి చుట్టూ తిరిగి పడమటి వాకిట్లోకి వెళ్లాను. నేను వస్తున్నానని వెంగమ్మకు తెలిసినట్టుంది. అక్కడ కుర్చీ మీద దిండు వేసి, ఆ కుర్చీ కింద పీట వేసి పెట్టారు. అటువైపు కాఫీ ఇస్తే ఇటువైపు కాఫీతో పాటు జంతికలు ఇచ్చారు. కాళ్లు నేలకు అందని ఆ కుర్చీలో కూర్చుని గోడ వైపు చూశాను. పెట్టె వెనుక భాగం కనిపించలేదు. దాని మీద అడ్డంగా చెక్క కొట్టేసి ఉంది. వైర్లు పోయేందుకు మూలన చిన్న సందు మాత్రం వదిలారు.

"ఇది ఎవరు కొట్టారు రమణయ్య గారూ?"

"నేనే కొట్టినా. ఆళ్లు పగలంతా వాడుకుంటారు, ఆ వేడి గాలంతా నా ఇంట్లోకి కొడతాది. ఆళ్ల వేడి నేనెందుకు భరించాల? ఎవురి వేడి వాళ్లు పెట్టుకోవాల."

గోడకు అటు నుంచి పెంచలయ్య గొంతు వినిపించింది. తమ్ముడితో మాట్లాడడు కాబట్టి నాతో మాట్లాడాడు. "అయ్యా, ఆయన్ని అడగండి. సాయంత్రం ఆమె జాకెట్ల బొమ్మలకు వేడి పుట్టదా? అది యాడికి పోతాంది?"

"అయ్యా, వేడి వెనక నుంచి వస్తాదా, ముందు నుంచి వస్తాదా తమరే చెప్పండి" అన్నాడు రమణయ్య.

"వెనుక నుంచి" అన్నాను.

"విన్నాడా?"

"అయితే పెట్టెను వెనక్కి తిప్పమంటాడా? బటన్ ఆయనకు పోతాది. అప్పుడు పెద్దోడు ఎవురంట?" అన్నాడు పెంచలయ్య అటు నుంచి.

పెట్టె తిప్పితే పెద్దరికం పోతుంది, చెక్క తీస్తే తమ్ముడి ఇంట్లోకి వేడి పోతుంది. ఇద్దరూ నన్నే తీర్పు చెప్పమన్నారు. "తమ తాతగారైతే ఏం చెప్పుండేవారో అదే చెప్పండి, కట్టుబడతాం" అన్నారు. ఈ ఒక్క మాట మాత్రం గోడకు రెండు వైపుల నుంచీ ఒకేసారి వచ్చింది.

మా తాతగారు ఏం చెప్పేవారో నాకు తెలుసు. మా ఇంటి చూరు నీళ్లు దాయాదుల పెరట్లో పడ్డాయి. పడనివ్వమని ఆయన, పడకూడదని వాళ్లు. నెల్లూరు కోర్టులో మొదలైన ఆ దావా పై కోర్టులకు వెళ్లింది. భూములు ఒక్కొక్కటిగా వకీళ్ల ఫీజుల కింద పోయాయి. తీర్పు వచ్చేసరికి మా ఇంటికి పైకప్పు లేదు, దాయాదులకు పెరడు లేదు. గెలిచింది మేమే. మా ఇంట్లో ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాం. అందుకని ఆ అన్నదమ్ములకు తీర్పు చెప్పే ఉద్దేశం నాకు లేదు. "రేపు చెబుతాను" అని లేచాను. డేవిడ్ గారి దగ్గర నేర్చుకున్న చెడ్డ విద్య అదొక్కటే నాకు ఆ రోజు పనికొచ్చింది.

కంత

శనివారం పొద్దున్నే వెళ్లి, సుచరితతో పెట్టెను గోడలోంచి లాగించేశాను. తీర్పు వచ్చేదాకా పెట్టె గోడలో ఉండకూడదని పెంచలయ్యకు చెప్పాను. కోర్టు మాటలా వినిపించిందేమో, ఒప్పుకున్నాడు. కంత ఎదురుగా స్టూలు వేసి పెట్టెను దాని మీద పెట్టి, పక్క మూత తీసేశాం. ఇక కావలసింది గాలి. ఆ చెక్క ఉన్నంతవరకు కంత గుడ్డిదే.

సుచరిత గోడ మీద గరిటెతో కొట్టింది. "పిన్నీ, పెట్టె తీసేసినాం. వేడి ఇంక అటు రాదు. చెక్క ఎందుకు?"

"నాకు కావాల అది" అంది వెంగమ్మ గొంతు. "జాకెట్లు కత్తిరించుకునేదానికి చెక్క లేక చస్తుండా."

అటు నుంచి మేకులు పీకుతున్న చప్పుడు వచ్చింది. చెక్క ఊడింది.

మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగింది. తూర్పు వాకిట్లోంచి వచ్చి, హాలు దాటి, తెరిచిన పెట్టె మీదుగా కంతలోంచి పడమటి ఇంట్లోకి దూరింది. కట్టినప్పుడు ఆ ఇల్లు ఆ గాలి కోసమే అలా పొడుగ్గా కట్టారని అప్పుడు అర్థమైంది. తెర మీద అంకె తొంభై నుంచి డెబ్బైకి దిగి అక్కడ నిలబడింది. సుచరిత వీడియో సగం దాటింది. ఆమె ఆ అంకె మీద నుంచి కళ్లు తీయలేదు.

అప్పుడు పెంచలయ్య కంతలోంచి అటు చూశాడు. గోడ కట్టాక ఎన్నడూ గాలి తగలని రమణయ్య, చొక్కా విప్పేసి, కంత కిందే చాప వేసుకుని వెల్లకిలా పడుకున్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు. మొహంలో హాయి కనిపిస్తోంది.

"అది నా వాకిట్లో నుంచి వచ్చే గాలి" అన్నాడు పెంచలయ్య.

అటు నుంచి, కళ్లు తెరవకుండానే, "గాలికి కూడా పట్టా రాయించుకున్నాడేమో అడగండయ్యా" అన్నాడు రమణయ్య.

పెంచలయ్య లోపలికి వెళ్లి బొంత తెచ్చాడు. చుట్టచుట్టి కంతలో కుక్కడం మొదలుపెట్టాడు. గాలి ఆగింది. అంకె కదిలింది. డెబ్బై, ఎనభై, ఎనభై ఆరు.

"నాయనా, తియ్ నాయనా. ఇంకొంచెమే ఉండాది" అంది సుచరిత.

"నువ్వు పోయేది మేత అంగడికే. ఆ మాట ముందే చెప్పినా గదా" అన్నాడు, బొంతను మోకాలితో నొక్కుతూ.

తొంభై రెండు.

నేను కుర్చీలోంచి లేచాను. అంతవరకు గారు అని పిలిచినవాణ్ణి. "పెంచలయ్యా. ఆ బొంత తీసి కింద పెట్టు" అన్నాను. మా తాతగారి గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ మాట మాత్రం నా గొంతుతో అన్నట్టు లేదు.

పెంచలయ్య బొంత లాగేసి కింద పెట్టాడు. పెట్టాక చేతులు కట్టుకున్నాడు. ఎందుకు కట్టుకున్నాడో తనకే తెలియనట్టు చేతుల వైపు చూసుకున్నాడు. న్యాయంగా ఉండాలని కంతలోంచి అటు కూడా చెప్పాను. "రమణయ్యా, లేచి చొక్కా వేసుకో."

లేచాడు. వేసుకున్నాడు.

పని అయ్యేదాకా అన్నదమ్ములు కంతకు చెరోవైపు, ఎదురెదురుగా, చేతులు కట్టుకుని కూర్చున్నారు. మధ్యలో ఒకసారి రమణయ్య, "అయ్యా, ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని అడిగాడు.

"వీడియో అయ్యేదాకా వద్దు" అన్నాను.

సాయంత్రం వీడియో పూర్తయింది. సుచరిత పంపించింది.

ఇది పనితనం కాదని నాకు తెలుసు. గాలి వచ్చే దారి, పోయే దారి చూడటం పనితనం. ఆ దారి తెరిచి ఉంచడానికి నా దగ్గర ఉన్నది మా తాత పేరు. మీకు ఇంకేదో ఉంటుంది, వెతుక్కోండి. లేకపోతే ఎంత మంచి ఫ్యాను పెట్టినా ఎవరో ఒకరు బొంత తెస్తారు.

ఫోన్

సుచరితకు ఉద్యోగం వచ్చింది. పెట్టె మళ్లీ గోడలోకి పోలేదు. స్టూలు మీదే ఉంది, కంత ఎదురుగా. సాయంత్రాలు వెంగమ్మ కీబోర్డు వైరు కంతలోంచి వస్తుంది. అన్నదమ్ములు ఇంకా మాట్లాడుకోవడం లేదని విన్నాను. గాలి గురించి మాత్రం రోజూ పోట్లాడుకుంటారట.

కొన్నాళ్లకు పెంచలయ్య ఫోన్ చేశాడు.

"అయ్యా, పిల్ల ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడిస్తాంది మిషన్ని. ఆ కంత చాల్తుందా అని అనుమానం. రెండు వరసలు ఇటుకలు తీపించమంటారా? మిషన్ కోసమే అడుగుతుండా."

ఎందుకు అడుగుతున్నారని అడగలేదు. "ఇప్పుడు వేడి ఎంత చూపిస్తోంది?" అన్నాను.

వెనుక నుంచి సుచరిత గొంతు వినిపించింది. "యాభై ఎనిమిది సార్."

యాభై ఎనిమిది చాలా మంచి అంకె. దానికి ఒక్క ఇటుక కూడా కదపనక్కర్లేదు. ఇన్నేళ్లలో వేడి విషయంలో నేను ఎవరికీ తప్పు సలహా ఇవ్వలేదు.

"నాలుగు వరసలు తీయించండి పెంచలయ్య గారూ" అన్నాను. "ఎండాకాలం వస్తోంది."